మ్యాచింగ్ సెంటర్‌కు తెచ్చిన ఆకు

గాంధీ రోడ్డులో మా అంగడి.
పంతొమ్మిదేళ్ళుగా నేను చేసే పని ఒకటే,
చీర కొంగు పట్టుకొని దానికి తోడు వెతకడం.
పసుపంటే ఒక పసుపా?
నిమ్మపండు, చామంతి, ముద్దపప్పు,
గంధం, బంగినపల్లి, పాతబడిన పెళ్ళిపత్రిక.
కళ్ళు మూసుకొని తాను లాగమన్నా లాగుతాను.

అట్లాంటి నాకు
కొరలగుంట ఇంట్లో, ఫ్రిజ్ పక్కన,
మనీప్లాంట్ రంగు మారతా ఉంటే
ఆ పసుపుకు పేరు తోచలేదు.

దాని కుండీలో మట్టి లేదు.
మూడో అంతస్తుకు మట్టి మోసేదెవరు?
రేణిగుంట రోడ్డు నర్సరీలో
కొబ్బరిపీచు ఇటుక కొన్నాను.
బకెట్లో వేసి నీళ్ళు పోసి పడుకుంటే
తెల్లారేసరికి మూత పక్కకు తోసి
కూర్చోనుంది.

ఎదురింటి గుణవతి చూసి
"నీళ్ళు చాలలేదక్కా" అనింది. పోసినాను.
ఇంటాయన "నీళ్ళెక్కువైనాయి" అన్నాడు. మానేసినాను.
మా అత్త ఏమీ అనలేదు.
ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి
పొయ్యిలో వేసింది.
అందరమూ దగ్గినాం.
అంటే, దిష్టి కాదు.

మంగళవారం ఒక ఆకు తెంపి
టిఫిన్ డబ్బా మూతలో పెట్టుకొని అంగడికి తెచ్చినాను.
ట్యూబ్‌లైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు.
"గుమ్మం దాకా రామ్మా, వెలుతుర్లో చూడు"
రోజుకు నూరుసార్లు గిరాకీకి చెప్పే మాట
ఆరోజు నాకు చెప్పుకొని
గుమ్మంలోకి పోయినాను.

అప్పుడు కనపడింది.
ఈనెలు పచ్చగానే ఉండాయి.
ఈనెకూ ఈనెకూ నడుమనే వెలిసిపోయింది,
కాలవలో నీళ్ళు పారతానే ఉన్నా
పక్క మడి ఎండినట్టు.
అదీ అడుగు నుంచి రెండో ఆకు.
చివుర్లకు ఏమీ కాలేదు,
ముదురుదే తన చేతిలోది పైకి అందిస్తా వచ్చింది.

జుగ్‌రాజ్ సేటు కళ్ళద్దాలు నొసటికి తోసి
"డబల్ షేడ్" అన్నాడు.
వైద్యం సగం అక్కడే అయిపోయింది.

మిగతా సగం ఆదివారం, నర్సరీ దొరస్వామి:
"పీచు మట్టి కాదమ్మా.
ఉత్త సత్రం. గది ఇస్తాది, కూడు పెట్టదు.
పైగా నువ్వు మొక్కకని పోసిన మెగ్నీషియం
వాకిట్లోనే పట్టుకుంటాది.
కడిగినావా దాన్ని?"

కడగలేదు.
లైనింగ్ గుడ్డ తడిపి ఆరేసినాకే కుట్టించండి,
లేకుంటే ముడుచుకుంటాదని
అంగడికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తాను.
పీచును తడిపి, ఊరుకున్నాను.

నాటుమందుల అంగట్లో పది రూపాయల భేదిఉప్పు.
పొట్లం కడతా ముసలాయన
"కడుపు కదలడం లేదా?" అన్నాడు.
"నాకు కాదు" అన్నాను.
ఆయన ఇంకేమీ అడగలేదు,
ఇంట్లో ఎవరికో పాపం అనుకొని
ఇంకో చిటికె వేసినాడు.

కుండీ అడుగు నుంచి మొదటిసారి డికాక్షన్ కారింది.
రెండోసారి పలచటి టీ.
నాలుగోసారికి బకెట్టు అడుగు కనపడింది.
ఆ మీదట ఉప్పునీళ్ళు, లీటరుకు పావు చెంచా.
ముసలాయన చిటికె లెక్కలోకి తీసుకోలేదు.

పదహారు రోజులైంది.
వెలిసిన గుడ్డకైతే అద్దకం వేయిస్తాం.
వెలిసిన ఆకు వెలిసినట్టే ఉంది.
దాని పైన ఏదో చుట్టలాగా విప్పుకుంటా ఉండాది,
రంగు ఇప్పుడే చెప్పను,
అది ఇంకా గుమ్మం దాకా రాలేదు.

తెంపిన ఆకు గల్లాపెట్టె అద్దం కిందనే ఉండిపోయింది.
నిన్న పుత్తూరు నుంచి ఒకామె
నిశ్చితార్థం చీర చంకన పెట్టుకొనొచ్చి
తీసిన ప్రతి తానూ కాదని,
అద్దం మీద వేలు పెట్టింది.
"ఇదిగో, ఈ రంగు. ఒక మీటరు."
లేదన్నాను.
"మళ్ళీ ఎప్పుడొస్తాది?"

రాకూడదనే చూస్తా ఉండానమ్మా
అనబోయి,
పాతబడిన పెళ్ళిపత్రిక తాను లాగి
ఆమెను గుమ్మంలోకి పిలిచినాను.